అయ్యగారి ఫోన్ నా దగ్గర

బుధవారం, దుబాయ్ దగ్గర హత్తా కొండలు

వచ్చి ఆరు రోజులైంది. చర్చిలో ప్రసంగం మధ్యలో ఈయన కళ్లు తిరిగి పడ్డాక, సంఘ పెద్దలు నెల రోజులు సెలవిచ్చి, ఇక్కడ గది చూసి, ఈయన ఫోన్ నా చేతిలో పెట్టారు. "ఎవరు చేసినా అయ్యగారు విశ్రాంతిలో ఉన్నారని చెప్పండి అమ్మగారూ" అన్నారు. ఇప్పటిదాకా అలాగే చెప్పాను.

సాయంత్రం మా సంఘంలోని నర్సు రూతు ఫోన్ చేసింది. వాళ్లమ్మకి రేపు ఏలూరులో గుండె ఆపరేషన్ అట. "అయ్యగారిని ఒక్క నిమిషం ప్రార్థన చెయ్యమనండి అమ్మగారూ, డ్యూటీకి వెళ్లిపోతాను" అని ఏడుస్తోంది.

ఈయన బయట రాతి మీద కూర్చుని కొండెక్కే మేకల్ని చూస్తున్నారు. రోజూ అదే పని. వాటిలో అంత ఏం కనిపిస్తుందో నాకు అర్థం కాదు. పిలిస్తే వచ్చేస్తారు, వస్తే ఇక ఫోన్ వదలరు. అందుకే వంటగదిలోకి వెళ్లి "నేను చెయ్యనా?" అన్నాను. స్త్రీల కూటంలో కూడా నోరు తెరవని దాన్ని. నాలుగు మాటలు అన్నాక ఎలా ముగించాలో తోచలేదు. వెనక నుంచి "ఆమెన్" అని వినిపించింది.

గుమ్మంలో ఈయన. ఫోన్ అడుగుతారనుకున్నాను. "టీ పెట్టుకుని బయటికి రా. ఆ మేకలు నిట్టనిలువు కొండ ఎలా ఎక్కుతున్నాయో చూద్దువుగాని" అన్నారు, అంతే. దుబాయ్‌లో, డేరా పేటలోని మా ఇంట్లో ఉండగా రెండో రింగుకే ఎవరని అడిగే మనిషి.

ఎప్పటినుంచి వింటున్నారో.

పెట్టేసే ముందు, ఆపరేషన్ అవగానే ఫోన్ చేస్తానంది రూతు. అయ్యగారికి చెప్పనా అంటే, "వద్దులెండి, మీకే చెప్తాను" అంది.