స్పాంజి కడిగినవాడికి ఇల్లు లేదు

దర్జీ పనితో బతికిన నేను, ఎవరి బలవంతమూ లేకుండా, నా తదనంతరం చెల్లేలా ఈ వీలునామా రాస్తున్నాను. నా బుద్ధి నిలకడగా ఉందని డాక్టరు రాసిచ్చారు. ఆయన్ని నమ్మనివాళ్లు ఈ వారం నేను తీసిన కాజాలు చూసుకోవచ్చు. అమలు బాధ్యత పక్కింటి లెక్కల మాస్టారిది. ఇల్లు తమ్ముడి పేర పెట్టిన పాత వీలునామా రద్దు.

1. రద్దుకు కారణం: నేను ఆపరేషనుకు ఆసుపత్రిలో ఉన్నప్పుడు తమ్ముడు నా చేపల తొట్టి శుభ్రం చేశాడు. నీళ్లన్నీ పారబోసి, ఫిల్టరు స్పాంజిని సబ్బుతో తోమి, కుళాయి నీళ్లు నేరుగా నింపాడు. చేపల మలినాన్ని విరిచే సూక్ష్మజీవులు ఉండేది ఆ స్పాంజిలోనే. వారానికి పావువంతు నీళ్లే మార్చాలనీ, కొత్త నీళ్లలో క్లోరిన్ విరుగుడు వేయాలనీ, స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలనీ చెప్పే వెళ్లాను. "చేపలకీ పాఠాలేనా అక్కా?" అన్నాడు. అన్నీ చచ్చాయి.

2. తెలియక చేసినదానికి ఇల్లు పోదు. వాడు అదే రంగు చేపలు కొని తెచ్చి వేశాడు. నా పెద్ద చేప తోకకి చిరుగుండేది, దీనికి లేదు. చిరుగులు చూసి బతికినదాన్ని, అడిగాను. వాడు వెళ్లి, "అక్కకి మతి తప్పుతోంది, పాపం" అని వీధంతా చెప్పాడు. బట్టలిచ్చేవాళ్లు సగానికి సగం మానేశారు.

3. ఇల్లు సర్వహక్కులతో మరదలికి. "వదినా, అవి మన చేపలు కావు" అని వంటింట్లో నా చెవిలో చెప్పింది ఆమె ఒక్కతే. ఇది చదివి తమ్ముడు ఆమెమీద గొంతు పెంచితే, ఇంటి యజమానిమీద పెంచుతున్నట్టు గుర్తుంచుకోవాలి. వాడు అందులో ఉండటం ఆమె ఇష్టం.

4. కుట్టుమిషను, పెద్ద కత్తెర మేనకోడలికి. తల్లీ, ఆ కత్తెరతో కాగితాలు కత్తిరించకు.

5. వాడు తెచ్చిన చేపలు ఏ పాపమూ ఎరగవు. సూక్ష్మజీవులు ఇంకా పెరగని ఆ పచ్చి నీళ్లలో వాటిలోనూ కొన్ని పోయాయి. రోజూ కాసిని నీళ్లు మార్చి రెండింటిని నిలబెట్టాను. తొట్టితో సహా అవీ మరదలికే. మేత చిటికెడు చాలు.

6. అక్కకి మతి చివరిదాకా బాగానే ఉందని, చేపల్ని చంపింది తనేనని తమ్ముడు వీధిలో ఇంటింటికీ వెళ్లి చెప్పాలి. చెప్పాడని మాస్టారు ఒప్పుకునేదాకా వాడు ఆ చేపల్ని చూడవచ్చు, తొట్టిలో చెయ్యి పెట్టకూడదు.

2026 మార్చి 9

(సంతకం) అక్క

సాక్షులు:
గుండీల కొట్టు యజమాని
ఎదురింటి నర్సు