మార్చనవసరం లేదు

నాచారం,
5 ఆగస్టు 2024

ప్రియమైన విశ్వనాథం అన్నకు,

నీ తమ్ముడు కనకరాజు నమస్కారాలు. వదిన మోకాలి ఆపరేషన్ తర్వాత మెట్లు ఎక్కగలుగుతోందా? నీ మరదలు శ్యామల రోజూ అడుగుతోంది. ఫోన్‌లో కనుక్కుందామంటే ఈ మధ్య నీ మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. మీ విజయనగరంలో సిగ్నల్ బాగోలేనట్టుంది. అందుకే ఈ ఉత్తరం.

నీ సలహాతో పని పడింది. మనిద్దరం ఆదివారాలు కూర్చుని చేసుకున్న స్పీకర్ల జత గుర్తుందిగా? టేకు చెక్క డబ్బాలు, మన స్పీకర్ల కంపెనీలో పక్కనపెట్టిన కాగితపు కోన్లు. ఇరవై ఎనిమిదేళ్ళు మా ఇంట్లో పాడాయి. ఇప్పుడు వాటికేదో అయింది. వేణువు పైస్థాయికి వెళ్ళగానే మాయమవుతోంది. తాళాలు గుడ్డలో చుట్టి కొట్టినట్టున్నాయి.

మా అమ్మాయి సంతోషి కొత్త వైర్‌లెస్ స్పీకరు కొనిస్తానంటోంది. ఉప్పల్ చౌరస్తా దగ్గర షోరూంలో చూసి వచ్చింది. చాలా ఖరీదైనది. పాతవి తెచ్చిస్తే కొంత తగ్గిస్తారట. శ్యామల మాత్రం, "మంచిగనే మోగుతున్నయ్ గదా, ఏమైందని మారుస్తవ్?" అంటుంది. ఆమెకు సంగీతం గురించి ఏం తెలుసని నేను పట్టించుకోలేదు.

ఆ డబ్బాలు ఇచ్చేయడానికి మనసు రావడం లేదన్నా. టెస్టింగ్ సెక్షన్‌లో నువ్వు సూపర్‌వైజరువి, నేను స్పీకరు ముందు చెవి పెట్టి లోపం పట్టేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు అట్లా గడిచాయి. ఈ విషయంలో నీ మాట తర్వాతే నాకు ఎవరి మాటైనా. విప్పి బాగు చేసుకోనా, కొత్తది కొననా? నువ్వు ఏది చెబితే అది చేస్తాను.

నీ తమ్ముడు,
కనకరాజు

*

విజయనగరం,
14 ఆగస్టు 2024

ప్రియమైన రాజుకు,

ఆశీస్సులు. మీ వదిన కర్ర సాయంతో వీధి చివరిదాకా వెళ్ళొస్తోంది. శ్యామలతో చెప్పు.

నీ ఉత్తరం చదివాను. కోను చుట్టూ ఉండే స్పాంజి ఇన్నేళ్ళకు గట్టిపడిపోయి ఉంటుంది. అలాంటప్పుడు పై స్వరాలు ముందు పోతాయి. ఇందులో నువ్వు బెంగపడాల్సింది ఏమీ లేదు. విప్పి చూసినా లాభం ఉండదు, ఇప్పుడు ఆ సరుకు దొరకదు కూడా.

అమ్మాయి ముచ్చటపడుతోంది కదా, కొననివ్వు. పాతవి ఇచ్చెయ్. చెక్క మీద మమకారం పెట్టుకుని ఏం చేస్తాం?

ప్రేమతో,
విశ్వనాథం

*

నాచారం,
2 సెప్టెంబర్ 2024

ప్రియమైన అన్నకు,

నీ మాట ప్రకారమే చేశాను. డబ్బాలు రెండూ ఆటోలో పెట్టుకుని నేనూ సంతోషీ ఉప్పల్ వెళ్ళి ఇచ్చి వచ్చాం. కౌంటర్ మీద పెట్టాక కూడా కాసేపు చెయ్యి తీయలేకపోయాను. కానీ విశ్వనాథం అన్నే చెప్పాడు కదా అనుకుని తీసేశాను.

కొత్తది చూడటానికి అందంగా ఉంది. కానీ అన్నా, ఇందులో కూడా వేణువు లేదు. అదే గుడ్డ, అదే తాళం. షోరూం మేనేజరుతో గొడవ పెట్టుకున్నాను. నేను ఇరవై రెండేళ్ళు స్పీకర్లు పరీక్షించినవాణ్ణి, నాకు చెబుతావా అని కేకలేశాను. అతను ఇంకో పీసు ఇచ్చాడు. అదీ అంతే. సంతోషి ఫోన్‌లో ఏదో తిప్పి పై స్వరాలన్నీ పూర్తిగా పెంచింది. నాకు కాస్త బాగనిపించింది. శ్యామల మాత్రం రెండు చెవులూ మూసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మొన్నటి నుంచి సంతోషి నన్ను అదోలా చూస్తోంది. చెవుల డాక్టరు దగ్గరికి పోదాం అంటోంది. లోపం పట్టడమే నా పని అని చెబితే వినదు. కొత్త స్పీకర్లన్నీ ఇట్లాగే ఉంటాయా? నువ్వొక మాట రాస్తే ఆ పిల్ల వింటుంది.

నీ తమ్ముడు,
కనకరాజు

*

విజయనగరం,
11 సెప్టెంబర్ 2024

ప్రియమైన రాజుకు,

ఈ రోజుల్లో స్పీకర్లు అలాగే చేస్తున్నారు, బేస్ ఎక్కువ. నాలుగు నెలలు పోతే అలవాటవుతుంది. డాక్టర్ల చుట్టూ తిరగడం మొదలుపెడితే అంతు ఉండదు. ఈ వయసులో అందరికీ ఉండేదేలే అని అమ్మాయికి చెప్పు.

ఇక్కడ వానలు. వదిన అడిగినట్టు చెప్పమంది.

విశ్వనాథం

*

నాచారం,
29 సెప్టెంబర్ 2024

విశ్వనాథం అన్నకు,

సంతోషి ఊరుకోలేదు. సెలవు పెట్టి మరీ నన్ను తీసుకెళ్ళింది. డాక్టరు పేరు ఆమని, చిన్న వయసే. నన్ను గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కమంది. చాలాసేపు నేను మీట నొక్కనేలేదు. అద్దంలోంచి సంతోషి ముఖం కనిపిస్తోంది. ఆ పిల్ల ఏడుస్తోంది. శబ్దాలు వస్తున్నాయనీ, నాకు వినిపించడం లేదనీ నాకు అప్పుడు తెలిసింది.

రెండు చెవులకూ పై స్వరాలు పోయాయి. ఇది వయసు వల్ల వచ్చింది కాదనీ, ఏళ్ళ తరబడి పెద్ద శబ్దంలో పనిచేయడం వల్ల వచ్చిందనీ డాక్టరు చెప్పింది. కంపెనీలో ఏటా పరీక్షలు చేసేవారా అని అడిగింది. చేసేవారన్నాను. మరి ఫలితం ఎవరూ చెప్పలేదా అంది.

కంపెనీ మూతపడ్డప్పుడు టైమ్ కీపర్ బాలరాజు మన పాత ఫైళ్ళు అన్నోజిగూడలో తన ఇంటికి తెచ్చుకున్నాడు. పీఎఫ్ కోసం ఎవరైనా అడుగుతారని అలాగే ఉంచాడట. పోయిన ఆదివారం వెళ్ళాను. మెడికల్ ఫైలు ఒకటి తీసి నా ముందు పెట్టి, "గీ కాయితం నువ్వు ఎన్నడు సూడలేదా కనకరాజూ?" అన్నాడు.

2011, 2012, 2013. మూడేళ్ళూ కంపెనీ డాక్టరు ఒకటే రాశాడు. కనకరాజుకు వినికిడి తగ్గుతోంది, టెస్టింగ్ నుంచి వెంటనే వేరే సెక్షన్‌కు మార్చాలి అని. మూడింటి కిందా నీలం సిరాతో, "చూశాను. ప్రస్తుతానికి మార్చనవసరం లేదు" అని ఉంది. సంతకం ఉంది. సంతకం లేకపోయినా ఆ చేతిరాత నాకు తెలియకపోదు. నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను.

అడగాల్సింది రెండే. ఎందుకు రాశావు? ఆగస్టులో నేను స్పీకరు గురించి అడిగినప్పుడు, పాడైంది స్పీకరు కాదని నీకు తెలుసా?

కనకరాజు

*

విజయనగరం,
8 అక్టోబర్ 2024

ప్రియమైన రాజుకు,

నాలుగు రోజులుగా రాస్తూ చించేస్తున్నాను.

తెలుసు. నీ ఉత్తరంలో వేణువు మాట చదవగానే తెలిసిపోయింది. నిజం రాస్తే, ఎప్పటి నుంచి తెలుసని అడుగుతావు. ఆ భయంతో స్పీకరు మీదికి తోసేశాను. డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దని రాసిందీ అందుకే.

2011లో రైల్వే స్టేషన్లలో ప్రకటనలకు పెట్టే హారన్ స్పీకర్ల ఆర్డరు వచ్చింది. రోజుకు నాలుగు వందల హారన్లు పూర్తి శబ్దంలో వినాలి. చెవులకు ఏదైనా పెట్టుకుంటే గరగర పట్టలేం. నీ అంత బాగా పట్టేవాడు వేరే లేడు. ఈ ఒక్క ఆర్డరు అయ్యాక మారుద్దాం అనుకున్నాను. ఆ తర్వాత ఇంకో ఆర్డరు. ప్యాకింగ్‌కు మారిస్తే నీకు టెస్టింగ్ అలవెన్సు పోతుంది, సంతోషి కాలేజీకి ఇబ్బంది అవుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సాకు. ఆ ఆర్డరు గడువులో పంపినందుకే నన్ను మేనేజరును చేశారు.

ముప్పై ఐదేళ్ళ ఉద్యోగంలో నీ ఒక్కడి విషయంలోనే ఈ తప్పు చేశాను. తమ్ముడూ అని పిలిచినవాడికే చేశాను. మీ వదినకు ఈ రోజే చెప్పాను. నువ్వు రమ్మంటే వచ్చి నీ కాళ్ళు పట్టుకుంటాను.

విశ్వనాథం

*

నాచారం,
24 అక్టోబర్ 2024

విశ్వనాథం గారికి,

మీ ఉత్తరం అందింది. శ్యామలకు చదివి వినిపించాను. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది. "చెవులంటే ఆర్డరు కోసం పోగొట్టిండు. మరి గా డబ్బాలు ఎందుకిప్పిచ్చిండు?" అని. షోరూంకు వెళ్ళి అడిగాను. పాత సామానంతా తుక్కు లారీలో వెళ్ళిపోయిందన్నారు.

చెవికి మిషన్లు పెట్టించుకున్నాను. గిన్నెల చప్పుడు, నల్లా నీళ్ళు, పక్కింటివాళ్ళ తలుపు, అన్నీ సూదుల్లా గుచ్చుకుంటున్నాయి. కొత్త స్పీకరులో వేణువు ఉందని తెలిసింది. నేను ఊరికే అరిచానని ఆ మేనేజరుకు చెప్పి వచ్చాను. అప్పట్లో ప్యాకింగ్‌కు మార్చి ఉంటే ఓ నెల మిమ్మల్ని తిట్టుకునేవాణ్ణి. అంతే అయ్యేది.

కానీ ఈ ఉత్తరం నా గురించి కాదు. "నీ ఒక్కడి విషయంలోనే" అని రాశారు. ఆ ఫైలులో నా కాగితాల కింద మన టెస్టింగ్‌లోనే పనిచేసిన చిదంబరంవి రెండు, చంద్రశేఖర్‌వి రెండు ఉన్నాయి. అదే సిరా, అదే మాట. పోయినసారి వాళ్ళ పేర్లు కావాలనే రాయలేదు. మీరే చెబుతారేమోనని చూశాను. కాళ్ళు పట్టుకుంటానన్న ఉత్తరంలో కూడా దాచారు. మూడు సంతకాల కన్నా నాకు ఇదే ఎక్కువ తగిలింది.

చిదంబరం మల్కాజిగిరిలో ఉంటున్నాడు. కోడళ్ళు తనను చూసి గొంతు తగ్గించి గుసగుసలాడతారని ఏడాదిగా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు. చంద్రశేఖర్ నాగోల్ మెట్రో దగ్గర ఆటో నడుపుతున్నాడు. వెనక నుంచి బండ్లు హారను కొడితే వినిపించని చెవులతో, వెనక మనుషుల్ని కూర్చోబెట్టుకుని.

మీ చేతే వాళ్ళకు ఉత్తరాలు రాయించాలనుకున్నాను. ఆటో సంగతి తెలిశాక ఆగలేకపోయాను. పోయిన వారం స్టాండుకు వెళ్ళి చంద్రశేఖర్ చేతిలో ఆ కాగితాలు పెట్టాను. చదివి, "సార్‌కు ఎరుకేనా అన్నా?" అన్నాడు. ఎరుకే అన్నాను. ఎక్కడానికి వచ్చినామెను వేరే ఆటో చూసుకోమని పంపించి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. ఇద్దరం మెట్రో మెట్ల మీద కూర్చున్నాం. వాడు పిల్లల పెళ్ళిళ్ళ గురించి మాట్లాడాడు. నేను విన్నాను.

ఆ తర్వాత చిదంబరం ఇంటికీ వెళ్ళి అతని కాగితాలు చూపించాను. నిన్న ముగ్గురం కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాం. డాక్టరు రిపోర్టులు, ఫైలులోని కాగితాలు, వాటితోపాటు మీ అక్టోబరు ఉత్తరం నకలు కూడా పెట్టాం. ఇద్దరి మధ్య రాసుకున్న ఉత్తరాన్ని ఆఫీసు బల్ల మీద పెట్టాడే అని మీకు అనిపిస్తుంది. పెట్టేటప్పుడు నాకూ అనిపించింది. అయినా పెట్టాను.

మా ఇంటికి రావద్దు. కాళ్ళు పట్టుకుంటే నేను ఏం చేయాలో నాకు తెలియదు. ఆఫీసు వాళ్ళు పిలిచినప్పుడు రండి. చిదంబరం, చంద్రశేఖర్ ముందు నిలబడి ఆ సంతకాలు ఏడూ మీవేనని చెప్పండి. నేను కూడా అక్కడే ఉంటాను.

కనకరాజు