నాలుగో సాంచా

కోరుట్ల

రాజేశం మామకు,

ఫోన్‌లో నీ గొంతు వింటే మళ్లీ అబద్ధమే చెబుతానని భయపడి ఉత్తరం రాస్తున్నాను.

సిరిసిల్లలో మీ మరమగ్గాల షెడ్డులో ప్రతి సాంచాకూ మోటారును నడిపే డ్రైవు పెట్టె ఉంది కదా. అన్నిటికీ కలిపి ఒకటే కేబులు. ల్యాప్‌టాప్ నుంచి ఏ నంబరుకు కమాండు పంపితే ఆ నంబరు డ్రైవే వింటుంది. ఆ రోజు నువ్వు నేసే నాలుగో సాంచాకు కొత్త డ్రైవు బిగించాను. కొత్తది ఒకటో నంబరుతో వస్తుంది. దాన్ని నాలుగుకు మార్చడం మరిచిపోయాను. ఒకటో సాంచాను తిరగమని కమాండు పంపితే నీదీ తిరిగింది. అప్పుడు నువ్వు తెగిన పోగు అతుకుతున్నావు. రెండు వేళ్లు నలిగాయి.

ఎట్లా జరిగిందని షెడ్డు సేటు అడిగితే, "ఆపకుండనే చెయ్యి పెట్టిండు" అన్నాను. దవాఖానలో నువ్వే, "ఆపిన అనుకున్న అల్లుడా, నాకు మతి తప్పుతున్నట్టుంది" అన్నావు. నేను తల ఊపాను. అవును మామా, ఊపాను.

నిన్న గంగవ్వత్త ఫోన్ చేసింది. "వేళ్లు మానినయ్, అయినా సాంచా దిక్కు పోతలేడు. గ్యాస్ బంద్ చేసిన్నా అని మాటిమాటికి నన్నే అడుగుతుండు" అని ఏడ్చింది.

పొద్దున సేటుకు ఉన్నదున్నట్టు చెప్పాను. నీ ముందుకు వచ్చే మొహం మాత్రం ఇంకా లేదు.

ఇక అత్తను గ్యాస్ సంగతి అడగకు. నువ్వు సాంచా ఆపావు మామా. ఆపిన తర్వాతే చెయ్యి పెట్టావు. నేను చూశాను.

నీ అల్లుడు