శానా పెద్ద పాట

యాకూబ్ బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆక్సిజన్ మిషన్ పైపు నన్ను గడప దాటనివ్వడం లేదు కాబట్టి, నీ సమాధి దాకా రాలేక గడప దగ్గరే కుర్చీ వేయించుకున్నాను.

మనవరాలు ఫోన్‌లో కొత్త జాజ్ ఆల్బం పెట్టింది. ఎవరో సోల్ గాయని, ఇతరుల పాత పాటలన్నీ తనవే అన్నట్టు పాడింది. ట్రంపెట్‌కొకరు, పియానోకొకరు చుట్టాల్లా వచ్చి వాయించి వెళ్లారు. మూడోది నీ పాట. మన గని ఇంజినీరు సారు బదిలీ మీద పోతూ నీకిచ్చిన క్యాసెట్‌లోది. (ఆయన పెంచిన మేక కథ ఇప్పుడొద్దు.)

గనిలో కప్పు కూలి మనిద్దరం చిక్కుకున్న రోజు, బ్యాటరీ మిగలాలని టోపీ లైట్లు ఆర్పేసి నువ్వు పాడింది అదే.

"ఫికర్ చెయ్యకు బావా. ఇది శానా పెద్ద పాట. ఒడిసేలోపు వాళ్లొస్తరు" అన్నావు.

వాళ్లు తవ్వుకుంటూ వచ్చేసరికి షిఫ్టు మారిపోయింది. నువ్వింకా పాడుతూనే ఉన్నావు. అది అంత పెద్ద పాటేనని ఇన్నేళ్లూ నమ్మాను. తీరా వింటే ఆ పాట నాలుగు నిమిషాలే, దొంగా.

"తాతా, అయిపోయింది" అంది మనవరాలు.

పైపు సర్దుకుని చెప్పాను: "ఒడువలే బిడ్డా. అది శానా పెద్ద పాట. మళ్ల పెట్టు."