మైకుసెట్టు ట్రాన్స్‌ఫార్మర్

అమ్మా సుగుణా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు సగంలో వదిలేసిన కంప్యూటరును నీ క్లాసు రమణ ఈవేళ రాజోలులో పూర్తిచేశాడు.

దానికోసం నా చర్చి మైకుసెట్టులోని ట్రాన్స్‌ఫార్మర్ అడిగావు. నేను బైబిలు వాక్యం తెరిచి, అది చేతులతో చేసిన విగ్రహమని గర్జించాను.

"దీనికి మొక్కను నాన్నగారూ, లెక్కలు చేయిస్తానంతే" అన్నావు. అయినా ఇవ్వలేదు. మొన్న నేనే ఊడదీసి రమణకిచ్చాను.

రెండూ మూడూ కూడమని రమణ స్విచ్చులు నొక్కాడు. మూడు లైట్లలో అటుదీ ఇటుదీ వెలిగాయి, మధ్యది వెలగలేదు.

"పాడైందా బాబూ?"

"లేదండీ. దీని లెక్కలో ఈ లైట్లు వరసగా నాలుగు, రెండు, ఒకటండీ. నాలుగూ ఒకటీ వెలిగితే అయిదండీ. మధ్యది వెలగకూడదని సుగుణగారు నోట్సులో రాసేరండీ."

ఈ ఆదివారం మైకు లేకుండానే ప్రసంగించాలి. విగ్రహాల మాట ఎత్తను.

నాన్న