వెనక్కి మారని డిస్కులు

శుక్రవారం, రాత్రి

మలక్‌పేట స్కాన్ సెంటర్‌లో సర్వర్ పని అయిపోయింది. యజమాని సలీం భాయ్‌తో అలాగే చెప్పాను.

జుమ్మా నమాజుకు సెంటర్ మూసిన వేళ, డిస్కులను చూసుకునే పాత సాఫ్ట్‌వేర్ తీసి కొత్తది వేశాను. యూనిక్స్ సర్వర్ మళ్లీ లేచేదాకా తెర ముందు నుంచి కదల్లేదు. లేచింది. రోగుల పాత స్కాన్‌లన్నీ కనిపించాయి. చివర్లో కొత్త సాఫ్ట్‌వేర్, డిస్కులను కూడా కొత్త పద్ధతిలోకి మార్చాలా అని అడిగింది. పని సగంలో వదలడం నాకు నచ్చదు. అవునని కొట్టాను.

సలీం భాయ్ నమాజు నుంచి వచ్చి చాయ్ పోశాడు.

"మా అమ్మీ స్కాన్లు అన్ని ఉన్నయి గదా అన్నా? సోమవారం ఆపరేషన్. డాక్టర్ సాబ్ పాతవన్నీ అడిగిండు."

"ఉన్నాయి భాయ్," అన్నాను, ఇంకా అలసటగానే.

"మరి మొహం గట్ల పెట్టినవేంది? ఈ సర్వర్ సతాయిస్తే పోయినసారి లెక్క డిస్కులు గుంజి, ఆటోల ఏస్కొని యాకుత్‌పురా బ్రాంచికి పోదాం. ఆడున్న సర్వర్‌ల పెడితే సరి!"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. యాకుత్‌పురాలో ఇంకా పాత సాఫ్ట్‌వేరే ఉంది. నేను మార్చిన డిస్కులు దానికి అర్థం కావు. వెనక్కి మార్చే దారీ లేదు.

వాళ్ల అమ్మగారి స్కాన్‌లు విడిగా కాపీ తీస్తానని అక్కడే అనాల్సింది. ఎందుకని అడుగుతాడని భయపడి చాయ్ తాగి వచ్చేశాను. రేపు షట్టర్ ఎత్తగానే చెప్పేస్తాను. అప్పటిదాకా ఆ సర్వర్ నడవాలి.

ఫోన్ రెండుసార్లు తీసి పెట్టేశాను. ఆయన ఆ ఆటో ధైర్యంతోనే నిద్రపోయి ఉంటాడు...