రిజర్వు అయిన మెమరీ

మంగళవారం, రాత్రి

మెట్టుగూడ స్కానింగ్ సెంటర్‌లో సర్వర్ ఈరోజు కూడా మొండికేసింది. ఒకే సర్వర్‌లో రెండు వర్చువల్ మెషీన్లు పెట్టాం, అంటే ఒకే డబ్బా రెండు వేర్వేరు కంప్యూటర్లలా నడుస్తుంది. ఒకదాంట్లో రోగుల రిపోర్టులుంటాయి, రెండోది ఎముకల త్రీడీ బొమ్మలు చూపించాలి. గ్రాఫిక్స్ కార్డును ఆ రెండోదానికి అప్పగించబోతే ఎర్రర్ వచ్చింది. కార్డు కోసం బయాస్, అంటే సర్వర్ ఆన్ కాగానే అన్నిటికన్నా ముందు నడిచే ప్రోగ్రాం, కొంత మెమరీని ముందే రిజర్వు చేసి పెట్టుకుందట, అందుకని ఇవ్వడం కుదరదట.

నాతో పనిచేసే రషీద్ భాయ్ నెట్‌లో ఎవరో రాసి పెట్టిన ఒక ప్యాచ్, ఆ ఎర్రర్‌ను దాటేసే చిన్న కోడ్ మార్పు, చూపించాడు.

"గీ ఎర్రర్ ఇచ్చే తనిఖీనే తీసేస్తది. పది నిమిషాల పని. డాక్టర్ మేడం పరేషాన్ అయితుంది, వేసేద్దాం."

"ఆ తనిఖీ లేకుంటే కార్డు పోయి రిపోర్టులున్న మెషీన్ మెమరీల రాస్తే, రిపోర్టు ఖరాబైతది భాయ్. అయినట్టు సుత ఎవరికీ తెల్వది," అన్నాను.

వేరే సర్వర్ కావాలని మేడంకు ఉన్నదున్నట్టు చెప్పాను. గురువారం ఆమె చేయాల్సిన తుంటి ఆపరేషన్ ఒకటి ఉంది, దానికి ఆ త్రీడీ బొమ్మలు కావాలి.

"సరే, ఆ కేసుకు బొమ్మలు బయట చేయిస్త. నువ్వు మాత్రం తొందరపడకు," అన్నారు.

మల్కాజ్‌గిరిలో బండి మీద నన్ను దింపుతూ, "మంచి పని చేసినవ్," అన్నాడు రషీద్ భాయ్.

పోయినేడు నేరేడ్‌మెట్ క్లినిక్‌లో ఇదే ఎర్రర్ వస్తే, ఇదే ప్యాచ్ నేనే వేశాను. అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఇప్పటిదాకా ఫిర్యాదు రాలేదు. ఏమీ కాలేదనా, ఎవరూ గమనించలేదనా? పొద్దున్నే వాళ్లకు ఫోన్ చేయాలి. ఏమని మొదలుపెట్టాలో...